గోరంత బొమ్మలో కొండంత ఎత్తు

మంచువాలు మీద పలక కట్టుకొని జారడం, స్కేట్‌బోర్డుతో గాలిలోకి లేవడం, నిటారు బండను చేతివేళ్ళ పట్టుతో ఎక్కడం వంటి, అపాయం అడుగడుగునా పొంచి ఉండే ఆటలను సాహస క్రీడలంటారు. వాటిని తెర మీద ఆడించే వీడియో గేమ్‌ను కొనదలచినవారి కంట ముందుగా పడేది గేమ్ కాదు, స్టీమ్, గూగుల్ ప్లే వంటి ఆన్‌లైన్ అంగళ్ళలో వందల బొమ్మల నడుమ ఇరుక్కొని ఉండే దాని ముఖచిత్రం. ఫోను తెర మీద అది బొటనవేలి గోరుకన్నా పెద్దగా ఉండదు. ఆ గోరంత జాగాలో ఎత్తును, వేగాన్ని, పడిపోతామన్న భయాన్ని చూపించి, వేగంగా కదిలే వేలిని క్షణంపాటు ఆపగలగడమే ఈ చిత్రకళకు ఉన్న అసలు పరీక్ష.

దూరం నుంచి చూసినా బొమ్మ బోధపడాలన్న ఈ చిక్కును తెలంగాణలోని జనగామ జిల్లా బచ్చన్నపేట పరిసరాల చిత్రకారులు కంప్యూటర్లు రావడానికి చాలాకాలం ముందే విప్పారు. బచ్చన్నపేటకు పొరుగున ఉన్న చేర్యాల, 2016 నాటి జిల్లాల పునర్విభజన వరకు దానితోపాటే వరంగల్ జిల్లాలో ఉండి ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో చేరినా, నకాషీ పటాలకు పెట్టింది పేరు. పటమంటే, గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూసి ఆరబెట్టిన ఖాదీ గుడ్డ మీద ఒక కులపురాణాన్ని వరుస ఘట్టాలుగా చిత్రించిన పొడవాటి చుట్ట. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు ఊరూరా తిరిగి, చుట్టను ఒక్కొక్క ఘట్టంగా విప్పుతూ కథ నడిపించేవారు. గుమిగూడిన జనంలో చివరి వరుసలో కూర్చున్నవారికి కూడా దేవుడెవరో, రాక్షసుడెవరో ఒక్క చూపులో తెలియాలి గనుక, నకాషీ చిత్రకారుడు నేపథ్యమంతా ఇటుకరంగు ఎరుపుతో నింపి, మనుషులను గట్టి గీతతో కట్టి, కళ్ళను విశాలంగా తెరిచి, పాత్ర స్వభావాన్ని దేహపు రంగులోనే చెప్పాడు. కొండలను, చెట్లను అవసరమైనంత మేరకే గీసి, మిగిలిన జాగాను ఎరుపుకే వదిలేయడంలో ఆయన చూపిన నిగ్రహం నేటి గేమ్ చిత్రకారులలో చాలామందికి ఇంకా అలవడలేదు.

అయితే పటానికి ఉన్న ఒక అండ ముఖచిత్రానికి లేదు. పటం పక్కన కథకుడు నిలబడి, బొమ్మను చూపుతూ ముందు జరిగినదీ తరువాత జరగబోయేదీ చెబుతాడు. ముఖచిత్రం పక్కన ఎవరూ ఉండరు. అందువల్ల చిత్రకారుడు మొదట తేల్చుకోవలసినది రంగుల సంగతి కాదు, ఏ క్షణాన్ని ఎన్నుకోవాలన్నది. విజేత చేతులెత్తి నిలబడిన క్షణాన్ని గీస్తే కథ అక్కడే ముగుస్తుంది, చూసేవారికి చేయడానికి ఏమీ మిగలదు. స్కేట్‌బోర్డు చక్రం వాలు అంచును వదిలి, నేల ఇంకా అందని క్షణాన్ని గీస్తే, ఆ దూకుడు ఎలా ముగుస్తుందోనన్న ప్రశ్న చూసేవారి ఒంట్లో పుడుతుంది, ఆ ప్రశ్నకు జవాబు గేమ్ ఆడితేనే దొరుకుతుంది. సాహస క్రీడల ముఖచిత్రాల్లో మనిషి గాలిలోనే ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే.

గాలిలో ఉన్న మనిషిని గీసినంత మాత్రాన ఎత్తు కనబడదు. చుట్టూ ఆకాశం తప్ప మరేమీ లేనప్పుడు అతడు ఒక అడుగు ఎగిరాడో వంద అడుగులు ఎగిరాడో కన్ను పోల్చుకోలేదు. ఎత్తును కొలవడానికి కంటికి పరిచయమున్న కొలబద్ద ఒకటి బొమ్మలో ఉండాలి. పాశ్చాత్య గేముల్లో దేవదారు చెట్లో, కొండ దిగువన అగ్గిపెట్టెల్లా కనిపించే ఇళ్ళో ఆ పని చేస్తాయి. తెలుగు చూపరికి ఆ పనిని తాటిచెట్టు ఇంకా బాగా చేస్తుంది, ఎందుకంటే తాడెత్తు అన్నది ఇక్కడి మాటల్లో ఎప్పటినుంచో ఒక కొలత. మోకు, ముస్తాదు కట్టుకొని ప్రతిపూటా తాటిచెట్లెక్కే కల్లుగీత కార్మికులున్న జనగామ ప్రాంతంలో ఆ ఎత్తు ఎంతటిదో, అక్కడి నుంచి జారడమంటే ఏమిటో ఎవరికీ వివరించనక్కరలేదు.

వేగాన్ని చూపడానికి చిత్రకారులు ఎక్కువగా ఆధారపడేది ఏటవాలు గీత మీద. నేల, ఆకాశం కలిసే గీతను కొంచెం ఒరిగించి, కెమెరాను నేలకు దగ్గరగా దించి, ముందుకు వచ్చే చక్రాన్నో బూటునో ఉన్నదానికన్నా పెద్దగా గీస్తే, నిలిచిన బొమ్మ కూడా మీదికి దూసుకొచ్చినట్టు తోస్తుంది. అన్నిటినీ ఒరిగిస్తే మాత్రం ఏదీ ఒరిగినట్టు కనబడదు గనుక, బొమ్మలో నిటారుగా నిలిచినది కనీసం ఒక్కటైనా ఉండాలి. రంగు విషయంలో మంచు ఆటలకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది: కొండ తెలుపు, ఆకాశం నీలం, ఆటగాడి దుస్తులు కూడా ఆ వరసలోనే ఉంటే మనిషి మంచులో కలిసిపోతాడు. అందుకే నారింజ, ఎరుపు చొక్కాలు అంత తరచుగా కనిపిస్తాయి. సరిచూసుకునే పద్ధతి సులువైనది. బొమ్మను నలుపు తెలుపుల్లోకి మార్చి, గోరంతకు కుదించి, కళ్ళు చికిలించి చూసినప్పుడు కూడా మనిషి ఆకారం విడిగా తెలిస్తే బొమ్మ నిలబడినట్టే.

ఒక్క బొమ్మతో పని తీరదు. గూగుల్ ప్లేలో గుర్తుబొమ్మ 512 పిక్సెళ్ళ చతురస్రంగా ఉండాలి, ఫీచర్ గ్రాఫిక్ అనే ప్రచార బొమ్మ 1024 పిక్సెళ్ళ వెడల్పు, 500 పిక్సెళ్ళ ఎత్తు ఉండాలి. పిక్సెల్ అంటే తెర మీది అతిచిన్న రంగు చుక్క. స్టీమ్‌లో అంగడి బొమ్మలను క్యాప్సూళ్ళంటారు. వాటిలో కొన్ని ఎత్తుకు రెట్టింపు మించిన వెడల్పుతో ఉంటే, కొన్నవారి గ్రంథాలయంలో కనబడేది 600 పిక్సెళ్ళ వెడల్పు, 900 పిక్సెళ్ళ ఎత్తుతో నిలువుగా ఉంటుంది. లోయ లోతు నిలువు బొమ్మలో సహజంగా ఒదుగుతుంది, అడ్డబొమ్మలో ఆ లోతు తెగిపోతుంది గనుక అక్కడ దూరాన్నీ వేగాన్నీ నమ్ముకోవాలి. ఒకే చిత్రాన్ని ఎటుపడితే అటు కత్తిరించేవారు ఈ తేడాను గమనించక, నిలువు బొమ్మలో ఎంతో బాగున్న దూకుడును అడ్డబొమ్మలో కాళ్ళు తెగిన మొండెంగా మిగులుస్తున్నారు. 2022 సెప్టెంబరు 1 నుంచి స్టీమ్ తన క్యాప్సూళ్ళ మీద సమీక్షల మార్కులను, బహుమతుల పేర్లను, తగ్గింపు ధరల ప్రకటనలను నిషేధించి, గేమ్ చిత్రాన్నీ, పేరునూ, అధికారిక ఉపశీర్షికనూ మాత్రమే అనుమతిస్తోంది. చిత్రకారుడికి ఇది మేలే చేసింది.

పేరు తెలుగులో రాయదలచినప్పుడు మరో చిక్కు ఎదురవుతుంది. రోమన్ పెద్దక్షరాలన్నీ ఒకే ఎత్తున గోడకట్టినట్టు నిలిస్తే, తెలుగు అక్షరం పైకి గుడులు, తలకట్లు, కిందికి వత్తులు విస్తరిస్తుంది. గోరంత బొమ్మలో ముందుగా మాయమయ్యేది వత్తే. గుండ్రని అక్షరాలను ఏటవాలుగా వంచితే వేగం కన్నా వికారమే ఎక్కువగా కనిపిస్తుంది. సినిమా పోస్టర్ల అక్షరశిల్పులు పేరును యాంత్రికంగా వంచకుండా, ప్రతి పేరుకూ అక్షరాలను కొత్తగా చెక్కి ఈ చిక్కును దాటారు. వత్తులు తక్కువగా ఉండే పొట్టి పేరును ఎంచుకోవడం, శీర్షికల కోసమే రూపొందిన రామభద్ర వంటి మందపాటి ఖతితో మొదలుపెట్టి చేత్తో దిద్దుకోవడం గేమ్ తయారీదారులకు అందుబాటులో ఉన్న దారులు.

బొమ్మ ఎంత ఆకర్షించినా అబద్ధం చెప్పకూడదు. 1970ల చివర అటారీ గేముల పెట్టెల మీద అద్భుతమైన వర్ణచిత్రాలుండేవి, తెర మీద మాత్రం కొన్ని చతురస్రాలు కదిలేవి. అందుకు భిన్నంగా, గుట్టలెక్కి దూకే మోటారుసైకిళ్ళ పందెమైన నింటెండో వారి ఎక్సైట్‌బైక్ అమెరికాలో 1985లో విడుదలైనప్పుడు, తెర మీది చుక్కల బొమ్మనే పెద్దది చేసి పెట్టె మీద ముద్రించారు. కొనేవారికి దక్కేదేమిటో ముందే తెలిసిపోయింది. ఆ బండి ముందుచక్రం గాలిలో లేచి ఉండడంతో కోరిక కూడా పుట్టింది.

తెలుగువారి సాహస క్రీడకు ముఖచిత్రం కావలసి వస్తే వస్తువు కోసం హిమాలయాల దాకా పోనక్కరలేదు. 2014 మే 25న, పద్నాలుగేళ్ళైనా నిండకుండానే ఎవరెస్టు శిఖరమెక్కిన మాలావత్ పూర్ణ తొలి శిక్షణ పొందింది భువనగిరి బండ మీదే. కోటను మోస్తున్న ఆ ఏకశిల కోడిగుడ్డును తలపిస్తూ నున్నగా ఉంటుంది, అందులోనే దాని భయమంతా దాగి ఉంది, ఎందుకంటే కాలు ఆనడానికి అంచులేదు. నిలువు బొమ్మలో బండనంతటినీ కింది నుంచి పైదాకా పరచి, పైనుంచి మూడో వంతు దగ్గర ఎర్రచొక్కా అమ్మాయిని వేలెడంతగా నిలిపి, అడుగున రెండు తాటిచెట్లను ఉంచితే ఎత్తు దానంతటదే తెలుస్తుంది. అడ్డబొమ్మకు బండ వంపునే ఏటవాలు గీతగా వాడుకోవచ్చు. చతురస్రపు గుర్తుబొమ్మలో వీటికి వేటికీ చోటుండదు. అక్కడ చేర్యాల ఎరుపు మీద, గట్టి గీతతో కట్టిన ఒక్క అరచేయి, రాతి పగులును పట్టుకున్న నాలుగు వేళ్ళు, వాటికి అంటిన తెల్లటి సుద్దపొడి ఉంటే చాలు.