జీతం అనే మాట

కోస్గిలో తొమ్మిదో తరగతికి నానార్థాలు చెబుతూ ‘జీతం’ అన్న మాట ఇచ్చాను. ఒక పిల్లవాడు లేచి “మా తాత పటేలు దగ్గర జీతమున్నడు సార్‌” అన్నాడు. నేను నెలనెలా తీసుకునేదీ జీతమే, వాళ్ళ తాత ఏళ్ళ తరబడి తీర్చలేకపోయిందీ జీతమే. పెండ్లికో చావుకో తెచ్చిన అప్పుకింద మనిషి తన కష్టాన్నే కుదువబెట్టుకోవడం ఈ రెండో అర్థం. తండ్రికి చేతగాకపోతే కొడుకు పశువుల వెంట పోవలసిందే.

1976 నాటి వెట్టిచాకిరి రద్దు చట్టం ఈ అర్థాన్ని గుర్తించింది. దేశంలోని నిర్బంధ చాకిరి రూపాలను పేర్కొంటూ భాగేలా, జీతం, పాలేరు, వెట్టి అన్న పేర్లను అందులో చేర్చారు. మనిషిని విడిపిస్తే చాలదని, ఆ అప్పును సైతం రద్దు చేసింది. కీలకమంతా అక్కడే ఉంది.

హైతీ చరిత్ర చూడండి. 1791లో తిరగబడిన బానిసలు 1804 జనవరి 1న స్వతంత్ర రాజ్యాన్ని ప్రకటించుకున్నారు. ఫ్రెంచి యజమానుల నోట ‘నెగ్ర్‌’ అంటే నల్లవాడు, వ్యవహారంలో బానిస. హైతీ ప్రజల క్రియోల్‌ భాషలో ‘నెగ్‌’ అంటే, రంగు ఏదైనా, మనిషి! తిట్టును ఇంతగా తిరగేసిన జాతి మరొకటి నాకు తెలియదు. కాని 1825లో ఫ్రాన్సు యుద్ధనౌకలను పంపి, తోటల యజమానుల నష్టానికి 15 కోట్ల ఫ్రాంకులు చెల్లించమన్నది. తమ శరీరాల ఖరీదు తామే కట్టాలన్నమాట. మొదటి వాయిదాకే ఫ్రెంచి బ్యాంకుల్లో అప్పు చేశారు. తరువాత మొత్తాన్ని తగ్గించినా, ఆ అప్పుల గొలుసు 1947 దాకా తెగలేదు.

మన సాహిత్యం వెట్టిని బాగానే పట్టుకున్నది. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ (1969) గడీలోని ఆడబాప బతుకును చూపింది. 1946-51 సాయుధ పోరాటం చుట్టూ నవలలు వచ్చాయి. దెబ్బ కనబడుతుంది, కొరడా కనబడుతుంది. పద్దు పుస్తకం కనబడదు.

పాలమూరు వలసల మీద రాసిన కథల్లోనూ నాకిదే లోటు. బస్టాండు, ముల్లె, ముసలితల్లి కన్నీళ్ళు అన్నీ ఉంటాయి. (నేను రాసి చించేసిన రెండు కథల్లోనూ అవే ఉన్నాయి.) మేస్త్రీ ముందుగా చేతిలో పెట్టిన పైకమెంత? ఎన్ని నెలల కష్టానికి? దారిఖర్చు, జ్వరమొచ్చి పడుకున్న రోజులు ఎవరి లెక్కలో పడ్డాయి? ఇవి కూలీని అడిగి రాసిన కథకోసం ఇంకా వెదుకుతున్నాను.