ఎంత దూరంలో నిలబడాలి?

పిల్లలూ! కిందటేడు సెలవుల్లో నేను అరకు సంతకు వెళ్ళాను. అక్కడ అల్లం అమ్ముతున్న ఒక ముసలమ్మ ముఖం చూసి ముచ్చటపడి, అడగకుండానే కెమెరాను అడుగు దూరానికి తీసుకుపోయి ఫొటో తీశాను. ఆమె చటుక్కున ముఖం తిప్పుకుంది. “ముందు అడగొద్దా, బాబూ?” అంది.

సిగ్గుపడ్డాను. ఫొటో చూస్తే అదీ పాడైంది. ముక్కు ఉబ్బి, చెవులు చిన్నవై, అది ఆమె ముఖంలాగే లేదు. తప్పయిందని చెప్పి, కాసేపు మాట్లాడాక మళ్ళీ అడిగాను. ఒప్పుకుంది. ఈసారి సంచిలోని కొత్త లెన్సు బిగించి, అయిదడుగుల దూరంలో నిలబడి తీశాను. ముఖం ఉన్నదున్నట్టు వచ్చింది.

మరి మొదటి ఫొటోలో తప్పు పాత లెన్సుదా? కాదు. నేను నిలబడిన చోటుది!

లెక్క కట్టి చూద్దాం

వస్తువు రెట్టింపు దూరంలో ఉంటే దాని ప్రతిబింబం సగమవుతుంది. ముక్కు కొన నుంచి చెవి 12 సెం.మీ. వెనక ఉందనుకుందాం. కెమెరా ముక్కుకు 30 సెం.మీ. దూరంలో ఉంటే, చెవికి 42 సెం.మీ. దూరంలో ఉన్నట్టు. 42ను 30తో భాగిస్తే 1.4. అంటే చెవితో పోల్చితే ముక్కు 40 శాతం పెద్దదిగా పడుతుంది. ఇప్పుడు 150 సెం.మీ. దూరానికి జరగండి. 162ను 150తో భాగిస్తే 1.08. తేడా 8 శాతమే!

కొత్త లెన్సు పని ఏమిటి?

వెనక్కి జరిగితే ముఖం చిన్నదవుతుంది కదా! అక్కడ నాభ్యంతరం ఆదుకుంటుంది. అంతే దూరంలో నిలబడినా, నాభ్యంతరం పెరిగితే ప్రతిబింబం పెద్దదవుతుంది. నా పాత లెన్సు నాభ్యంతరం 28 మి.మీ., కొత్తదానిది 85 మి.మీ. అందుకే దూరం నుంచి కూడా ముఖం నిండుగా వచ్చింది.

కొత్త లెన్సు మీద 1.8 అనే అంకె ఉంది. 85ను దానితో భాగిస్తే సుమారు 47 మి.మీ. కాంతి వచ్చే ద్వారం అంత వెడల్పుగా తెరుచుకుంటుందన్నమాట. ద్వారం వెడల్పయిన కొద్దీ వెలుతురు ఎక్కువగా వస్తుంది, వెనకనున్న జనం మసకబారి ముఖం తేటగా నిలుస్తుంది. వియన్నాలో గణితాచార్యుడైన జోసెఫ్ పెట్స్‌వాల్ 1840లో లెక్కలు కట్టి, ముఖాల ఫొటోల కోసం ఇలాంటి వెడల్పాటి లెన్సును రూపొందించాడు. అంతకుముందు పాపం, మనుషులు నిమిషాల కొద్దీ కదలకుండా కూర్చోవలసి వచ్చేది!

మీరూ చేసి చూడండి

ఇంట్లో ఫోను తీసుకుని, జూమ్ వాడకుండా, స్నేహితుణ్ణి ఒకసారి 30, మరొకసారి 150 సెం.మీ. దూరం నుంచి ఫొటో తీయండి. రెండో ఫొటోలో ముఖాన్ని మొదటిదానంత పెద్దది చేసి పోల్చండి. లెన్సు ఒకటే, ముఖం మాత్రం వేరుగా కనిపిస్తుంది.

“200 మి.మీ. లెన్సుతో ఎవరికీ తెలియకుండా దూరం నుంచే తీయవచ్చు కదా!” అంటారేమో. తీయవచ్చు. కాని అంత దూరం నుంచి ‘తీయనా?’ అని అడగలేం. అయిదడుగుల దూరంలో అడగవచ్చు. వద్దంటే కెమెరా దించవచ్చు, సరేనంటే తీసిన ఫొటో చూపించవచ్చు. ఆ ముసలమ్మ తన ఫొటో చూసి నవ్వి, “ఇది నా మనవరాలికి పంపు” అంది. అచ్చు వేయించి పంపాను.