అరవై అయిదు దాటిన పురుషులకు సైకిలు: అర్ధబలమే ఆరోగ్యం

ఉద్యోగ విరమణ చేసిన తండ్రి ప్రతి ఉదయం పాలకో, కూరగాయలకో, గుడికో సైకిలు మీద వెళ్ళి రావడం మన మధ్యతరగతి ఇళ్ళలో చిరపరిచితమైన దృశ్యం. అరవై అయిదేళ్ళు దాటిన తరువాత ఒకనాడు ఆయన వీధి మలుపులో తూలి పడతారు. మోచెయ్యి గీసుకుపోతుంది. ఆ సాయంత్రమే ఇంట్లో చర్చ మొదలవుతుంది. "నాన్నగారూ, ఇక సైకిలు మానెయ్యండి. ఏది కావాలన్నా మేము తెచ్చిపెడతాం" అంటాడు కొడుకు. "నలభై ఏళ్ళు తొక్కినవాణ్ణి, నాకేమవుతుందిరా?" అంటారు తండ్రి.

ఇద్దరి మాటల్లోనూ కొంత నిజముంది, కొంత పొరపాటూ ఉంది. సైకిలు పూర్తిగా మానిపించడం వలన కలిగే నష్టం కొడుకు గుర్తించడు. తన శరీరం మారిందన్న సంగతి తండ్రి అంగీకరించరు. ఈ రెంటికీ మధ్య మార్గమేమిటో ఆయుర్వేద దృష్టితోను, ఆధునిక వైద్య పరిశీలనల ఆధారంతోను తెలుసుకుందాం.

శాస్త్రం ఏమంటున్నది?

వాగ్భటుడు అష్టాంగహృదయంలోని దినచర్యాధ్యాయంలో వ్యాయామ ఫలితాలను వివరించాడు. శరీరానికి తేలికదనం, పని చేసే సామర్థ్యం, జఠరాగ్ని దీప్తి, మేదస్సు తగ్గడం, అవయవాలు దృఢంగా తీరుగా ఉండడం వాటిలో ముఖ్యమైనవి. అయితే ఆ వెంటనే బాలురు, వృద్ధులు, అజీర్ణంతో బాధపడేవారు, వాతపిత్త రోగులు వ్యాయామాన్ని విడిచిపెట్టాలని కూడా చెప్పాడు. ఈ మాటను పట్టుకుని, ముసలితనంలో కదలకుండా కూర్చోవడమే శాస్త్రసమ్మతమని కొందరు భావిస్తారు. ఇది సరికాదు.

చరకుడు వ్యాయామాన్ని నిర్వచించినప్పుడు శరీరానికి స్థిరత్వాన్ని, బలాన్ని ఇచ్చే ఇష్టమైన కదలికగా పేర్కొని, దానిని మాత్ర మించకుండా ఆచరించమన్నాడు. బలవంతులు సైతం తమ శక్తిలో సగం మేరకే, అది కూడా చలికాలంలోను, వసంతంలోను చేయాలని, తక్కిన ఋతువులలో ఇంకా తగ్గించాలని వాగ్భటుని నియమం. మితిమీరి శ్రమించేవానిని ఆయన ఏనుగును ఈడ్వబోయి నశించే సింహంతో పోల్చాడు. కాబట్టి వృద్ధులకు నిషేధించినది శరీరాన్ని అలసటకు గురిచేసే తీవ్ర వ్యాయామమే కాని, హాయినిచ్చే మితమైన కదలిక కాదని గ్రహించడం సమంజసం.

సగం శక్తి అని తెలుసుకోవడం ఎలా? సుశ్రుతుడు దీనికి చక్కని గుర్తు చెప్పాడు. హృదయంలోని వాయువు నోటికి చేరినప్పుడు, అంటే నోటితో ఊపిరి తీయవలసి వచ్చినప్పుడు, సగం బలం ఖర్చయిందని అర్థం. నేటి వైద్యులు సూచించే "మాటల పరీక్ష" దీనికి ఎంతో దగ్గరగా ఉన్నది. తొక్కుతూ పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే శ్రమ మితంగా ఉన్నట్టు. రెండు మూడు మాటలకే ఊపిరి తీసుకోవలసి వస్తే హద్దు దాటినట్టు. ఈ కొలత కోసం ఏ పరికరమూ కొననక్కరలేదు.

ఆధునిక పరిశీలనలు

బ్రిటన్ శాస్త్రజ్ఞులు 55 నుంచి 79 ఏళ్ళ వయస్సు గల 125 మంది ఔత్సాహిక సైకిలు చోదకులను పరీక్షించి 2018లో ఫలితాలను ప్రకటించారు. వారిలో పురుషులు 100 కిలోమీటర్లను ఆరున్నర గంటలలోపు తొక్కగలవారు. సాధారణంగా వయస్సుతో తగ్గిపోయే కండరాల పుష్టి, బలం వారిలో చాలావరకు నిలిచి ఉన్నాయి. వ్యాధినిరోధక కణాలను తయారుచేసే థైమస్ గ్రంథి కూడా చురుకుగా పనిచేస్తున్నట్లు తేలింది. అయితే వీరు ఏళ్ళ తరబడి సాధన చేసినవారు, ముందే ఆరోగ్యవంతులు. రేపు సైకిలు కొన్న వారికి ఎల్లుండి ఈ ఫలితం వస్తుందని దీనర్థం కాదు.

ఫ్రాన్సుకు చెందిన రాబర్ట్ మార్షాన్ అరవై అయిదు దాటిన తరువాతనే మళ్ళీ పట్టుదలగా సైకిలు తొక్కడం మొదలుపెట్టాడు. 2014లో 102 ఏళ్ళ వయస్సున గంటలో 26.927 కిలోమీటర్లు, 2017లో 105 ఏళ్ళ వయస్సున 22.547 కిలోమీటర్లు తొక్కాడు. 2021లో 109వ ఏట మరణించాడు. ఆయన రికార్డులు మనకు ఆదర్శం కానక్కరలేదు. వృద్ధాప్యంలోనూ శరీరం సాధనకు స్పందిస్తుందన్నదే మనం గ్రహించవలసిన విషయం.

పురుషులు దాచుకునే బాధలు

సైకిలు తొక్కే పెద్దలు సిగ్గుతో ఎవరికీ చెప్పని బాధలు కొన్ని ఉన్నాయి. వృషణాలకు, గుదానికి మధ్యనున్న మెత్తని భాగంలో నరాలు, రక్తనాళాలు ఉంటాయి. ఇరుకైన గట్టి సీటు మీద చాలాసేపు కూర్చుంటే అవి నొక్కుకుపోయి తిమ్మిరి వస్తుంది. దీనిని వయస్సు ప్రభావమని సరిపెట్టుకోరాదు. వెడల్పుగా ఉండి మధ్యలో గాడి గల సీటు అమర్చుకుని, దాని మొన పైకి లేవకుండా సమంగా ఉంచాలి. పది నిమిషాలకొకసారి దిగి నాలుగడుగులు నడవాలి. తిమ్మిరి తగ్గేవరకు మళ్ళీ ఎక్కరాదు. తరచు వస్తుంటే వైద్యునికి చెప్పాలి.

సైకిలు వలన దాంపత్య సామర్థ్యం పోతుందన్న భయం కొందరిలో ఉన్నది. ఈతగాళ్ళతోను, పరుగెత్తేవారితోను సైకిలు చోదకులను పోల్చి 2018లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో, తిమ్మిరి చోదకులలో ఎక్కువగా కనిపించినా, దాంపత్య సామర్థ్యంలో వారు వెనుకబడి లేరని వెల్లడైంది. భయపడి మానడం అనవసరం. బాధను దాచి కొనసాగించడం ప్రమాదం.

ఈ వయస్సులో ప్రోస్టేట్ గ్రంథి పెరగడం సామాన్యం. రాత్రి పలుమార్లు లేవడం, ధార సన్నబడడం, మూత్రం పూర్తిగా పోలేదనిపించడం దాని లక్షణాలు. మూత్రవేగాన్ని ఆపుకోరాదని ఆయుర్వేదం గట్టిగా చెబుతుంది. బయలుదేరే ముందు విసర్జించాలి, దారిలో అవసరమైతే ఆగాలి. దారిలో ఇబ్బంది పడతామేమోనని నీళ్ళు తాగడమే మానేసేవారున్నారు. ఎండలో అది తల తిరగడానికి, పడిపోవడానికి దారితీస్తుంది. ప్రోస్టేట్ కోసం పి.ఎస్.ఎ. రక్తపరీక్ష చేయించుకునేవారు దానికి ముందు రెండు రోజులు సైకిలు తొక్కకుండా ఉండడం మేలు. లేకపోతే ఫలితం ఎక్కువగా కనిపించి అనవసరపు ఆందోళన కలగవచ్చు. మూత్రంలో రక్తం కనిపిస్తే మాత్రం సైకిలు మీద నెపం వేయక వెంటనే పరీక్ష చేయించుకోవాలి. గజ్జలో ఉబ్బు, అంటే హెర్నియా ఉన్నవారు శస్త్రవైద్యుని సంప్రదించిన తరువాతనే తొక్కాలి.

గుండె, రక్తపోటు, మధుమేహం

గుండెపోటు వచ్చినవారు, స్టెంటు వేయించుకున్నవారు, నడిస్తే ఛాతీ బిగిసేవారు ముందుగా హృద్రోగ నిపుణుని అనుమతి పొందాలి. నాడి లెక్కించే పద్ధతిలో 220 నుంచి వయస్సును తీసివేసి, మిగిలిన సంఖ్యలో 50 నుంచి 70 శాతం మధ్య నాడి ఉండేలా చూసుకోమంటారు. డెబ్బై ఏళ్ళవారికి అది నిమిషానికి 75 నుంచి 105. కాని రక్తపోటుకు, గుండెకు వాడే కొన్ని మందులు నాడి వేగాన్ని తగ్గించి ఉంచుతాయి. అటువంటివారికి ఈ లెక్క పనికిరాదు, మాటల పరీక్షే నమ్మదగినది. రక్తపోటుకు, ప్రోస్టేట్‌కు వాడే కొన్ని మాత్రల వలన లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి. కనుక సైకిలు దిగిన వెంటనే నడక సాగించక, హ్యాండిలు పట్టుకుని ఒక నిమిషం నిలబడాలి.

మధుమేహానికి ఇన్సులిన్ గాని, చక్కెరను తగ్గించే కొన్ని మాత్రలు గాని వాడేవారికి తొక్కుతుండగా చక్కెర మరీ తగ్గిపోవచ్చు. చెమట, వణుకు, కంగారు కనిపిస్తే వెంటనే ఆగి, జేబులో ఉంచుకున్న గ్లూకోజు గాని పంచదార గాని తీసుకోవాలి. రక్తం పలుచబడే మందులు వాడేవారు పడినప్పుడు తలకు దెబ్బ తగిలితే, పైకి గాయం లేకున్నా ఆసుపత్రికి వెళ్ళి తీరాలి. హెల్మెట్ అందరికీ అవసరం, వీరికి మరీ అవసరం.

కీళ్ళు, ఎముకలు

శరీర భారం సీటు మీద ఉంటుంది కనుక మోకాళ్ళు అరిగినవారికి నడకకన్నా సైకిలు సుఖంగా ఉండవచ్చు. అయితే సీటు మరీ కిందికి ఉంటే మోకాలి చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది. పెడలు అట్టడుగున ఉన్నప్పుడు మడమను దానిపై ఉంచితే కాలు నిటారుగా చాపుకోవాలి. అదే పెడలును పాదం ముందుభాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అదే సరైన ఎత్తు. మెడనొప్పి గలవారు హ్యాండిలు పైకెత్తించుకుని నిటారుగా కూర్చోవాలి.

భారం మోయని వ్యాయామం కావడం వలన సైకిలు ఎముకలను గట్టిపరచదు. కనుక సైకిలు తొక్కినా కొంత నడక, మెట్లెక్కడం తప్పనిసరి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడడం వంటివి తూలకుండా కాపాడతాయి.

ఏ సైకిలు, ఎంతసేపు?

మన పెద్దలకు అలవాటైనది మధ్యలో అడ్డకడ్డీ గల ఎత్తైన సైకిలు. దాని మీదుగా కాలు విసిరి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తూలి పడే అవకాశం ఎక్కువ. అడ్డకడ్డీ లేని సైకిలును ఆడవారి సైకిలంటూ మగవారు ముట్టుకోరు. అరవై అయిదు దాటినవారికి అదే ఉత్తమం. తుంటి విరిగి మంచాన పడడంకన్నా ఆ సైకిలు ఎక్కడంలో నామోషీ ఏమీ లేదు. ఆగినప్పుడు సీటు మీద నుంచి ముందుకు జరిగి రెండు పాదాలూ నేలకు ఆనించాలి. పంచె, లుంగీ చైనులో పడకుండా చైను కవరు ఉండాలి. బెల్లు, వెనుక వచ్చేవి కనిపించే చిన్న అద్దం, వెనుక ఎర్రని రిఫ్లెక్టరు అవసరం. కంటిశుక్లాలు ఉన్నవారు మసక వెలుతురులో తొక్కరాదు. చెవులు సరిగా వినపడనివారు రద్దీ రోడ్లకు పోరాదు. తూకం నిలవనివారికి ఇంట్లో కదలకుండా ఉండే వ్యాయామ సైకిలు మంచి ప్రత్యామ్నాయం.

మొదటి వారం రోజు విడిచి రోజు, చదునైన దారిలో పది నిమిషాలు చాలు. వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచుతూ అరగంటకు చేరాలి. వారంలో ఐదు రోజులు అరగంట తొక్కితే 150 నిమిషాలవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవయస్సు వారికి సూచించిన కనీస పరిమితి ఇదే. చలికాలంలో మంచు విడిచిన తరువాత, వేసవిలో ఎండ ముదరకముందు తొక్కాలి. భోజనం చేసిన రెండు గంటలలోపు తొక్కరాదు. మిట్ట వస్తే దిగి నడిపించుకుంటూ వెళ్ళాలి.

ఇంటి ఉపచారాలు

వృద్ధాప్యం వాతప్రధానమైన కాలం. వాతశమనానికి నువ్వులనూనె శ్రేష్ఠం. వ్యాయామానంతరం దేహమంతా హాయిగా మర్దించుకోమని వాగ్భటుడే చెప్పాడు. ఇంటికి వచ్చాక గోరువెచ్చని నువ్వులనూనెతో తొడలు, పిక్కలు, నడుము మృదువుగా మర్దించుకుని, అరగంట తరువాత వేడినీటి స్నానం చేయాలి. అరికాళ్ళకు నూనె అంటి ఉండగా సైకిలు ఎక్కరాదు, పెడలు మీద పాదం జారుతుంది. మోకాళ్ళు పట్టేసినప్పుడు వావిలాకులు వేసి కాచిన నీటిలో గుడ్డ తడిపి, పిండి, కాపడం పెట్టుకోవచ్చు. మధుమేహం వలన పాదాలలో స్పర్శ తగ్గినవారు వేడిని ఇతరుల చేత చూపించుకున్న తరువాతనే పెట్టుకోవాలి.

దాహానికి జీలకర్ర వేసిన పలుచని మజ్జిగ మంచిది. రక్తపోటు గలవారు అందులో ఉప్పు వేసుకోరాదు. ఉదయం బయలుదేరే ముందు పలుచని రాగిజావ తేలికైన ఆహారం. మూత్ర ఇబ్బందులకు పల్లేరుకాయ, బలానికి అశ్వగంధ వాడుక ప్రసిద్ధమే. కాని ఇతర మందులు వాడుతున్నవారు వైద్యుని అడగకుండా వీటిని మొదలుపెట్టరాదు.

వెంటనే ఆపవలసిన సూచనలు

ఛాతీలో బరువు, ఎడమ చేతికి లేదా దవడకు పాకే నొప్పి, తల తిరగడం, చల్లని చెమట, గుండె గతి తప్పడం, మాట తడబడడం, ఒకవైపు కాలుచేతుల బలహీనత. వీటిలో ఏది కనిపించినా సైకిలు అక్కడే వదిలి సహాయం కోరాలి. ఇంటికి చేరాక చూద్దామనుకోరాదు. జేబులో ఇంటి ఫోను నంబరు, వాడే మందుల పేర్లు రాసిన చీటీ ఎల్లప్పుడూ ఉండాలి.

మొదట చెప్పుకున్న ఇంటికి తిరిగి వద్దాం. కొడుకు చేయవలసినది సైకిలుకు తాళం వేయడం కాదు. తండ్రిని వైద్యుని వద్దకు తీసుకువెళ్ళి, సీటు, హ్యాండిలు సరిచేయించి, కొన్నాళ్ళు పక్కనే మాట్లాడుతూ రావడం. తండ్రి చేయవలసినది పంతానికి పోయి నలభై ఏళ్ళనాటి వేగాన్ని వెతకడం కాదు. పాత సైకిలును, పాత వేగాన్ని వదులుకుని, తిమ్మిరో నొప్పో వస్తే దాచకుండా చెప్పడం. సగం శక్తిని మిగుల్చుకుని ఇంటికి వచ్చినవారే మరునాడు కూడా బయలుదేరగలుగుతారు.