మన ఊరి వార్త... మన చేతి రాత!

పొద్దున్నే పేపరు రాగానే ముందుగా ఏం తిప్పుతారు మీరు? జిల్లా పేజీ, అవునా? అందులో మన ఊరి పేరు కనబడితే ఎంత సంబరమో! కానీ మర్రిపాడులాంటి చోటి పేరు పేపర్లో పడాలంటే రోడ్డు మీద లారీ అయినా బోల్తా పడాలి, లేదా ఏ నాయకుడైనా రావాలి. బోరు చెడిపోయి బిందెలతో తిరిగిన సంగతి ఎవరు రాస్తారు? కూలికి వెళ్లే తల్లి కూతురు పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకుంటే ఆ ముచ్చట ఎవరు చెబుతారు?

మనమే రాసుకుంటే?

"ఏందమ్మే, కూరాకు తరుక్కునే మనకు వార్తలేంది?" అని నవ్వేయకండి. ఊరి సంగతులు మనకంటే బాగా ఎవరికి తెలుసు? రేషన్ బియ్యం ఎప్పుడొచ్చిందీ, ఏ వీధిలో జ్వరాలున్నదీ, నర్సమ్మ ఏ రోజు వచ్చిందీ... అన్నీ ముందు తెలిసేది ఆడవాళ్లకే. అయితే కుళాయి దగ్గర చెప్పుకున్న మాట కుళాయి దగ్గరే ఆగిపోతుంది. కాగితం మీద పెట్టిన మాట నలుగురి చేత పని చేయిస్తుంది.

దూబగుంట చెప్పిన పాఠం

నమ్మకం కలగడం లేదా? అయితే మన పక్కనే వున్న కలిగిరి మండలం దూబగుంటను తలుచుకోండి. 1990లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. పగలంతా కూలిపని చేసి వచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట పలకలు పట్టుకున్నారు. వాళ్ల వాచకంలో సారా వల్ల గుల్లయిపోయిన సంసారం కథ ఒక పాఠం. చదువుతూంటే, "ఇది మన ఇంటి కథే కదా!" అనిపించింది. తమ కష్టం అచ్చులో కనబడేసరికి అది తలరాత కాదని, తిరగబడాల్సిన అన్యాయమని తోచింది. దూబగుంట రోశమ్మ తదితరులు నడుం కట్టారు, ఊళ్లో సారా ఆగింది.

ఆ వార్త ఒక్క ఊళ్లోనే ఉండిపోయి ఉంటే ఏమయ్యేదో! పత్రికలు, ముఖ్యంగా 'ఈనాడు', ఆ పోరాటాన్ని ఊరూరికీ మోసుకెళ్లాయి. "వాళ్లు చేయగా లేనిది మనం చేయలేమా?" అని 1992లో జిల్లా అంతటా ఆడవాళ్లు కదిలారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధమూ వచ్చింది. అది 1997లో సడలిపోయిందనుకోండి. అయినా ఒక చిన్న ఊరి సంగతి నలుగురికీ తెలిస్తే ఎంత దూరం పోతుందో చూశారుగా!

కలం పట్టారు, మైకూ పట్టారు

2001లో చిత్తూరు జిల్లాలో 'నవోదయం' అనే పత్రిక మొదలైంది. దానికి విలేకరులు ఎవరనుకున్నారు? పొదుపు సంఘాల్లోని పల్లెటూరి పేద మహిళలే! ఊళ్లు తిరిగి సంగతులు తెలుసుకుని, తామే రాశారు.

అక్షరాలు రాకపోతే? దానికీ దారి వుంది. జహీరాబాద్ దగ్గర మాచునూరులో 2008 అక్టోబర్ 15న 'సంఘం రేడియో' ప్రారంభమైంది. దళిత మహిళలే నడిపిన రేడియో అది. విత్తనాలు దాచుకోవడం, జొన్నలు, సజ్జలు, ఇంటి వైద్యం, పండగ పాటలు... అన్నీ తమ యాసలోనే! పెద్ద స్టేషన్లలో వినబడని మాట వాళ్ల చెవిన పడింది.

మనకేమిటి లాభం?

డబ్బు రాదు, ముందే చెబుతున్నా! కానీ పెళ్లయ్యాక మూలపడిన మీ చదువుకు పదును వస్తుంది. "ఫలానా వాళ్ల కోడలు" అనే చోట మీ పేరుతో పిలుస్తారు. వీధి దీపం గురించి మీరు రాశాక అది వెలిగిందనుకోండి, ఆ వెలుగు చూసినప్పుడల్లా కలిగే తృప్తి ఎన్ని చీరలు కొంటే వస్తుంది? ఉదయగిరి చెక్క చెంచాలు చెక్కే చేతుల కథ, మెట్ట పొలాల్లో అవ్వలు పండించిన పంటల కథ ఇప్పుడు రాసిపెడితే రేపు మన మనవళ్లకు అదే చరిత్ర.

ఇలా మొదలుపెట్టండి

* ముగ్గురు నలుగురు కలవండి. పొదుపు సంఘం ఉంటే మరీ మంచిది.

* తెల్లటి డ్రాయింగ్ షీటు, రెండు స్కెచ్ పెన్నులు చాలు. పెద్ద అక్షరాలతో రాసి, అనుమతి తీసుకుని గ్రంథాలయం దగ్గరో పంచాయతీ ఆఫీసు దగ్గరో అతికించండి. ఫోన్‌లో వచ్చిన కబురు సాయంత్రానికి అడుగున పడిపోతుంది. గోడ మీది కాగితం వారమంతా కనబడుతుంది.

* నెలకు రెండుసార్లు చాలు. అయితే చెప్పిన రోజుకు తప్పకుండా రావాలి.

* మంచినీళ్లు, బడి, ఆస్పత్రి, పథకాల ఆఖరి తేదీలు ముందు రాయండి. ఓ మూల మంచి వంటకం ఉండనే ఉంటుంది!

* గ్రామసభకు వెళ్లి, అక్కడ ఏమన్నారో రాసుకోండి. లెక్కలు కావాలంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం వుంది. అర్జీ పెడితే మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఉప్పు చూడందే వడ్డించకండి

కూర రుచి చూడకుండా విస్తట్లో వేస్తామా? వార్తా అంతే. విన్నది విన్నట్టు రాయకండి. ఇద్దరినీ అడగండి. ఎవరి మీదైనా ఫిర్యాదు వుంటే వాళ్ల మాటా రాయండి. తప్పు పడితే తర్వాతి కాగితంలో దిద్దండి. ఇళ్లలోని గొడవలు, ఆడపిల్లల పేర్లు గోడకెక్కించకండి. ఒక సంసారం గుట్టు బయటపెట్టాక వెనక్కి తీసుకోలేం.

నిజం రాస్తే కొందరికి కోపం రావచ్చు. ఇంట్లోనే "మనకెందుకీ గోల?" అనవచ్చు. అందుకే ఒక్కరే కాకుండా నలుగురి పేరుతో రాయమనేది. మొదటి కాగితంలో ఎవరినీ నొప్పించని కబుర్లే వేయండి. అది చదవడానికి మీవారే గోడ దగ్గర నిలబడితే, రెండో కాగితానికి ఆయనే స్కెచ్ పెన్నులు కొనుక్కొస్తారు, చూడండి!