కార్బను కాగితాల మీద నడిచిన పత్రిక

ఒకప్పుడు మన హైస్కూళ్ళలో లిఖిత పత్రికలుండేవి. దస్తూరి బాగున్న కుర్రవాడొకడు తోటివారి కథలూ, గేయాలూ తెల్లకాగితాల మీద వ్రాసి, అట్టమీద రంగుల బొమ్మ వేసేవాడు. ఉన్నది ఒకే ప్రతి. అది తరగతులన్నీ తిరిగి, నలిగి, చిరిగి ఇల్లు చేరేది. అందుకు శిక్ష పడితే గిడితే లెక్కల మాస్టారి చేత ఒక మొట్టికాయ! కాని ఇలా చేతులతో తయారుచేసిన పత్రిక కోసం జైళ్ళకు వెళ్ళినవారు కూడా లోకంలో వున్నారు.

సోవియట్ యూనియన్‌లో అచ్చు యంత్రాలన్నీ ప్రభుత్వం అధీనంలో వుండేవి. సెన్సారు అనుమతి లేనిదే ఏదీ అచ్చు కాదు. అందుచేత కొందరు టైపు మిషనును ఆశ్రయించారు. పలచని కాగితాల నడుమ కార్బన్లు పెట్టి గట్టిగా కొడితే, ఒక్కసారికి అయిదారు ప్రతులు వచ్చేవి. అడుగు ప్రతి కళ్ళు చికిలించుకుని చదవవలసిందే. చదివినవారు దానికి మళ్ళీ ప్రతులు తీసి, నమ్మకమైనవారికి అందించేవారు. దీనిని ‘సమిజ్‌దాత్’ అన్నారు, అనగా స్వయంప్రచురణ.

1968 ఏప్రిల్ 30వ తేదీతో మాస్కోలో ‘వర్తమాన ఘటనల వృత్తాంతం’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక పత్రిక ఈ విధంగానే పుట్టింది. దానికి తొలి సంపాదకురాలు నతాల్యా గోర్బనేవ్‌స్కయా అనే కవయిత్రి. అప్పటికామె నిండు చూలాలు! ఆ ఆగస్టు 25న, చెకోస్లొవేకియా మీదికి సేనలను పంపినందుకు నిరసనగా ఎర్రమైదానంలో కూర్చున్న ఎనిమిదిమందిలో ఆమె ఒకతె. మూడు నెలల పసివాడిని తోపుడు బండిలో పడుకోబెట్టుకుని మరీ వెళ్ళింది. 1969 డిసెంబరులో ఆమెను నిర్బంధించి, మతి స్థిమితం లేదని ముద్రవేసి, మానసిక చికిత్సాలయానికి పంపారు. 1972లో గాని విడుదల కాలేదు.

ఇంతకూ ఆ పత్రికలో ఏముండేది? ఫలానా తేదీన ఫలానా ఇంట్లో సోదా జరిగింది, ఫలానా వారికి ఇన్నేళ్ళ శిక్ష పడింది—అంతే. తిట్లు లేవు, ఆవేశం లేదు. పొరపాటు దొర్లితే తరువాతి సంచికలో దిద్దుకునేవారు.

వార్తలు చేరే దారి మరీ చిత్రం. సంపాదకుల చిరునామా వుండదు. చెప్పవలసినదేమైనా వుంటే, తనకు ప్రతి ఇచ్చిన వ్యక్తికి చెప్పాలి. అతడు తనకిచ్చిన వారికి చెప్పాలి. అంతకుమించి ఆరా తీయకూడదు. తీస్తే వేగులవాడనుకుంటారు!

కొత్త సంచిక వస్తే అరెస్టులు తప్పవని రహస్య పోలీసులు బెదిరించడంతో, 1972 చివర పత్రిక ఆగిపోయింది. కాని 1974 మే నెలలో తత్యానా వెలికనోవా, సెర్గేయ్ కొవల్యోవ్, తత్యానా ఖొదొరోవిచ్ అనే ముగ్గురు, దాని పంపిణీకి బాధ్యులం మేమేనని పేర్లతో సహా ప్రకటించి, మళ్ళీ వెలువరించారు. ఆ డిసెంబరులోనే కొవల్యోవ్‌ను పట్టుకున్నారు. ఏడేళ్ళ శిబిర శిక్ష పడింది. 1979లో వెలికనోవా వంతు వచ్చింది. అయినా 1983లో పూర్తిగా అణగిపోయేలోగా అరవైకి పైగా సంచికలు వచ్చాయి.

వారపత్రిక చదివి పక్కింటివారికిస్తే, తిరిగి రాదేమోనని మనకు బెంగ. వారికి తిరిగి రాకపోవడమే సంతోషం. రాలేదంటే, అది ఎక్కడో ఎవరి చేతిలోనో వున్నట్లే లెక్క!