శ్వాసకోశ వైద్యుడు: రెండు విద్యల కలయిక

మక్తల్ వంటి ఊళ్లలో దగ్గును చలికో, దుమ్మునకో, చుట్టకో అంటగట్టి ఊరకుండుట వాడుక. రెండు వారములు మించిన దగ్గు క్షయ కావచ్చును. కళ్లె పరీక్షించి ఆ సంగతి తేల్చుట శ్వాసకోశ వైద్యుని మొదటి విద్య.

తెలుగునాట ఈ విద్యకు పెద్ద బడి మదనపల్లె సమీపమున గల ఆరోగ్యవరము. 1915లో వెలసిన ఆ శానిటోరియమును డెన్మార్కు వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ తీర్చిదిద్దెను. ఆనాడు విశ్రాంతి, గాలి, పుష్టికరమైన ఆహారము, ఇవియే ముఖ్యచికిత్స. మందులు వచ్చిన పిదప, వానిని క్రమముగా వాడినచో ఇంటి చికిత్స శానిటోరియమునకు తీసిపోదని మద్రాసు పరిశోధకులు 1959లో వెల్లడించిరి.

రెండవ విద్యయు డెన్మార్కుననే రూపొందినది. 1952లో కోపెన్‌హాగెన్ నగరమున పోలియో ప్రబలగా, ఊపిరాడని రోగుల గొంతున గొట్టమమర్చి, రబ్బరు సంచిని చేతితో నొక్కి గాలినందించు పద్ధతిని ఇబ్సెన్ అను వైద్యుడు ప్రవేశపెట్టెను. వైద్యవిద్యార్థులు రేయింబవళ్లు వంతులవారీగా సంచి నొక్కిరి. మరణములు బాగుగా తగ్గినవి. నేటి వెంటిలేటరు చేయుచున్నది ఆ చేతుల పనియే.

ఈ రెండు విద్యలను నేర్చుటకు ఎం.బి.బి.ఎస్.కు ఐదున్నర, ఎం.డి.కి మూడు, డి.ఎం.కు మూడు, వెరసి పదకొండున్నర సంవత్సరములు పట్టును. ఇంత నేర్చిన వైద్యుడును కోరునది రోగి యంత్రము దాక రాకుండుటయే. క్షయకు పరీక్షలు, మందులు ప్రభుత్వాసుపత్రులలో ఉచితము. సామాన్యముగా ఆరు నెలలు మందు మ్రింగవలెను. దగ్గు తగ్గినదని నడుమ మానరాదు.