ఎక్కువమంది వెతికితే నిజమైపోదు!

అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మేవారు గిరాకీ ఉన్న పుస్తకాన్ని ముందు వరసలో పెడతారు. అందులో కుట్రా లేదు, అది మంచి పుస్తకమన్న హామీ లేదు. ఇంటర్నెట్‌లో ‘ఎక్కువమంది వెతికిన మాటల’ జాబితా కూడా ఇంతే. అయినా ఒక మాట పైకి రాగానే ఎవరో డబ్బిచ్చి ఎక్కించారని, కిందికి పోగానే ఎవరో తొక్కిపెట్టారని పుకార్లు షికారు చేస్తుంటాయి.

పక్కనున్న నాంపల్లినే చూడండి. ఎగ్జిబిషన్ మైదానంలో ఏటా జనవరి మొదట్లో నుమాయిష్ ప్రారంభమవుతుంది. జూన్‌లో మృగశిర కార్తెకు అక్కడే బత్తిని కుటుంబీకులు ఉబ్బసం రోగులకు చేప ప్రసాదం పంచుతారు. ఆ రోజుల్లో ఆ పేర్లను జనం వెతకడం సహజం. కరోనా వల్ల 2020 నుంచి 2022 వరకు ఆగిన పంపిణీ 2023 జూన్‌లో మళ్లీ మొదలైంది. వెతుకులాట పెరిగినా తరిగినా ముందు క్యాలెండర్ చూడాలి.

గూగుల్ ట్రెండ్స్ లెక్కలో 100 అంటే వంద మంది కాదు. ఎంచుకున్న కాలంలో, మొత్తం వెతుకులాటల్లో ఆ మాట వాటా అన్నిటికన్నా ఎక్కువైన సమయానికి అది గుర్తు. 50 అంటే అందులో సగం.

అసలు ప్రమాదం వేరే ఉంది. ‘ఇంతమంది వెతుకుతున్నారంటే పనిచేస్తుంది కాబోలు’ అనుకుని రోగి ఇన్‌హేలర్ మానేస్తే ప్రాణం మీదికొస్తుంది. చేప ప్రసాదం ఉబ్బసాన్ని నయం చేస్తుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. నమ్మకమున్నవారు వెళ్లినా, డాక్టరు రాసిన మందు మానరాదు. జనం ఏమడిగారో మాత్రమే జాబితా చెబుతుంది. జవాబు వైద్యుణ్ణి అడగాలి.